సిలిండర్ ఫోనోగ్రాఫ్: కొనేముందు చూడాల్సినవి

పాత సిలిండర్ ఫోనోగ్రాఫ్ అమ్మకానికి వచ్చినప్పుడు ముందుగా కంటికి ఆనేది దాని బూర. ఆ తరవాత ఓక్ చెక్క పెట్టె, దాని మీద ఎడిసన్ సంతకం. అమ్మేవాళ్ళు మెరుగు పెట్టేదీ వీటికే. కానీ యంత్రం పలుకుతుందా, పలికితే దాని మీద ఎక్కించిన సిలిండర్ దక్కుతుందా అన్నది తేల్చేది బూరకు రెండో కొసన ఉండే చిన్న బిళ్ళ, దాని అడుగున కనీకనిపించని ఓ రాయి. అందుకే తెలిసినవాళ్ళు ఫోనోగ్రాఫును వెనకనుంచి ముందుకు చూస్తారు. మొదట ముల్లు, తరవాత గేర్లు, ఆపైన మోటారు, అన్నీ అయ్యాక బూర.

ఫోనోగ్రాఫు, గ్రామఫోను ఒకటి కావు. థామస్ ఎడిసన్ 1877లో మెన్లో పార్కులో తయారుచేసిన తొలి ఫోనోగ్రాఫు తగరపు రేకు చుట్టిన డ్రమ్ము మీద శబ్దాన్ని గీసింది. 1880లలో వోల్టా ప్రయోగశాలలో చిచెస్టర్ బెల్, చార్లెస్ సమ్నర్ టైంటర్ రేకు బదులు మైనం వాడి గ్రాఫోఫోన్ చేశారు. ఎడిసన్ కూడా 1888 నాటికి మైనపు సిలిండర్ల దారికే వచ్చాడు. ఎమిల్ బెర్లినర్ గ్రామఫోన్‌ది బల్లపరుపు ప్లేటు. దాని గాడి అటూ ఇటూ వంకర్లు తిరుగుతుంది. సిలిండర్ మీది గాడి తిన్నగానే సాగుతుంది, దాని లోతు మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ముల్లు పక్కలకు ఊగదు, పైకీ కిందికీ ఆడుతుంది. ఆ కదలిక ఓ సన్నని పొరను కదిలిస్తే, ఆ పొర గాలిని కదిలిస్తుంది, బూర దాన్ని గదిలోకి వదులుతుంది. ఇందులో కరెంటుకు ఎక్కడా చోటు లేదు.

మామూలు సిలిండర్ మంచినీళ్ళ గ్లాసంత ఉంటుంది. పొడవు సుమారు నాలుగుంబావు అంగుళాలు, వ్యాసం రెండుంబావుకు కాస్త తక్కువ. దీన్ని మాండ్రెల్ అనే నికెల్ పూత డ్రమ్ము మీదకి తొడుగుతారు. మాండ్రెల్ ఒక కొస కాస్త సన్నం కాబట్టి సిలిండర్ ఒక వైపునుంచే ఎక్కుతుంది. మాండ్రెల్‌తో పాటు సన్నటి మరలున్న ఓ కడ్డీ తిరుగుతుంది, అదే ఫీడ్ స్క్రూ. ఆ మరల మీద సగం నట్టు ఒకటి కూర్చుని, ముల్లును మోసే బండిని ఎడమనుంచి కుడికి నెడుతుంది. గ్రామఫోన్‌లో గాడే ముల్లును లోపలికి లాక్కుపోతుంది. ఇక్కడ ఆ బరువు గాడి మీద పడదు, మరకడ్డీ మోస్తుంది.

1902 తరవాత వచ్చిన ఎడిసన్ సిలిండర్లకు వేగం నిమిషానికి 160 చుట్లు, గాళ్ళు అంగుళానికి 100. రెండు నిమిషాలకు 320 చుట్లు, అంటే సిలిండర్ పొడవులో 3.2 అంగుళాలు. పాటకు రెండు నిమిషాల హద్దు అక్కడినుంచే వచ్చింది. ప్లేటు మీద ముల్లు మధ్యకు జరిగేకొద్దీ దాని కింద గాడి నెమ్మదిస్తుంది. సిలిండర్ మీద మొదటి చుట్టుకూ చివరి చుట్టుకూ వేగం ఒకటే. శబ్దం విషయంలో సిలిండర్‌కున్న అసలు మేలు ఇది. వ్యాపారంలో అది అక్కరకు రాలేదు. ప్లేట్లను అచ్చు కొట్టి అరలో ఒకదానిమీదొకటి పేర్చుకోవచ్చు, సిలిండర్లకు ఒక్కోదానికి ఒక్కో అట్టడబ్బా కావాలి.

యంత్రాన్ని పరీక్షించాలంటే సిలిండర్ల రకాలు తెలిసుండాలి, ఎందుకంటే ఏ యంత్రం ఏ సిలిండర్‌కు పుట్టిందన్నదే అసలు ప్రశ్న. తొలినాటివి గోధుమరంగు మైనం. మైనమని పేరేగాని అది తేనెమైనం కాదు, స్టియరిక్ ఆమ్లంతో చేసిన లోహపు సబ్బు. మెత్తనిది, అరిగేది, బూజు పట్టేది. వీటిని పెద్ద ఎత్తున నకలు తీసే మంచి దారి మొదట్లో లేదు. గాయకుడు వరసగా పెట్టిన బూరల ముందు నిలబడి అదే పాట మళ్ళీ మళ్ళీ పాడేవాడు, లేదా ఒక సిలిండర్‌నుంచి ఇంకోదానికి యంత్రంతో గీసేవారు. వేగం కూడా ఇంకా కుదురుకోలేదు, 160 కన్నా తక్కువలో గీసినవే ఎక్కువ.

1902లో ఎడిసన్ కంపెనీ గోల్డ్ మౌల్డెడ్ సిలిండర్లతో ఈ చిక్కు విప్పింది. గీసిన మైనపు మూలాన్ని గాలి తీసేసిన పాత్రలో ఉంచి, దాని మీద బంగారాన్ని అతి సన్నని పొరగా దించేవారు. ఆ పొర మీద విద్యుత్తుతో లోహం పేర్చితే అచ్చు తయారు. పేరులో బంగారం ఉన్నది అచ్చు పనికే, ఇంటికి వచ్చే సిలిండర్ గట్టి నల్ల మైనం. అచ్చులో పోసిన మైనం చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది, అందువల్ల గాళ్ళు గీసుకుపోకుండా బయటికి జారి వస్తుంది. ఒక పదార్థం కుంచించుకుపోవడాన్ని ఇంత చక్కగా వాడుకున్న ఫ్యాక్టరీ పనులు అరుదు.

1908లో అంబెరోల్ వచ్చింది. అదీ నల్ల మైనమే, కానీ గాళ్ళు అంగుళానికి 200, పాట నాలుగు నిమిషాలు. గట్టిదనం కోసం మార్చిన మిశ్రమం పెళుసైంది, కాస్త తట్టినా చిట్లుతుంది. 1912లో దాని స్థానంలో బ్లూ అంబెరోల్ దిగింది. ఇది పైన నీలిరంగు సెల్యులాయిడ్, లోపల ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఇళ్ళలో వాడుకకు ఇంతకన్నా దిట్టమైన సిలిండర్ ఎడిసన్ కంపెనీనుంచి రాలేదు. ఒక చిన్న లోపం ఉంది. 1915 నుంచి వచ్చిన వాటిలో చాలావరకు నేరుగా రికార్డు చేసినవి కావు, ఎడిసన్ డైమండ్ డిస్క్ ప్లేట్లనుంచి ఎక్కించిన నకళ్ళు. శ్రద్ధగా వింటే పాటకు ముందు ఆ ప్లేటు గీరుడు కూడా వినపడుతుంది. కంపెనీ 1929లో ఈ వ్యాపారం కట్టేసేదాకా ఇవే నడిచాయి.

ఇప్పుడు యంత్రాలు. సంతల్లోనూ వేలాల్లోనూ ఎక్కువగా కనిపించేవి ఎడిసన్ స్ప్రింగు మోటారు యంత్రాలు. 1896లో హోమ్, 1898లో స్టాండర్డ్, 1899లో జెమ్, ఆ వెనకే మూడు స్ప్రింగుల ట్రయంఫ్. 1900 ప్రాంతంలో జెమ్ ధర ఏడున్నర డాలర్లు, స్టాండర్డ్ 20, హోమ్ 30, ట్రయంఫ్ 50. నేటి ధరలు కూడా ఇంచుమించు ఈ వరసలోనే పోతాయి. ఒక్క జెమ్ మాత్రం చిన్నది, ముచ్చటైనది కావడంతో దాని స్థాయికి మించి పలుకుతుంది. 1909లో నాలుగు నిమిషాల సిలిండర్లు కూడా ఆడే ఫైర్‌సైడ్, బూరను పెట్టెలోపలే దాచిన అంబెరోలా వచ్చాయి. 1911 నాటి ఆపెరా అరుదు, ఖరీదు. మొదటిసారి కొనేవాళ్ళకు స్టాండర్డ్‌ను మించిన యంత్రం లేదు. లెక్కకు మిక్కిలిగా తయారైంది, విడిభాగాలు దొరుకుతాయి, బాగుచేయడం తెలిసినవాళ్ళూ ఉన్నారు. కొలంబియా కంపెనీ గ్రాఫోఫోన్లు కూడా మంచివే. 1897 నాటి ‘ఈగిల్’కు ఆ పేరు రావడానికి కారణం దాని ధర, అప్పటి పది డాలర్ల బంగారు నాణేన్ని ఈగిల్ అనేవారు. ఫ్రాన్సు పాథే యంత్రాలకు విడిభాగాలు వెతుక్కోవడం కష్టం, అందుకని వాటిని అనుభవం వచ్చాక తలపెట్టడం మేలు.

ఇక రీప్రొడ్యూసర్. ముల్లు, దాన్ని పొరకు కలిపే సన్నని కడ్డీ, పొర, అడుగున వేలాడే బరువు, ఇవన్నీ ఇమిడిన బిళ్ళకు ఆ పేరు. మొత్తం యంత్రం విలువలో దీని వాటా చిన్నది కాదు. ఎడిసన్ రీప్రొడ్యూసర్లకు అక్షరాల పేర్లున్నాయి, చాలావాటి ఒంటి మీదే ఆ అక్షరం కొట్టి ఉంటుంది. ‘సి’ రెండు నిమిషాల మైనానిది, నీలం రాతి ముల్లు. ‘హెచ్’ నాలుగు నిమిషాలది, అదీ నీలమే కానీ కొన సన్నం, గాడి సగానికి తగ్గింది మరి. ‘కె’లో రెండు ముళ్ళూ ఉంటాయి, తిప్పుకుని ఏది కావాలంటే అది వాడుకోవచ్చు. ‘డైమండ్ బి’ది వజ్రపు ముల్లు, పైన బరువు కూడా ఎక్కువ, బ్లూ అంబెరోల్‌కు మాత్రమే. దాన్ని మైనపు సిలిండర్ మీద పెడితే అది పాటను వినిపించదు, చెక్కేస్తుంది. చిక్కేమిటంటే ‘సి’, ‘హెచ్’ రెండూ ఒకే బండిలో ఇమిడిపోతాయి. తప్పు పెట్టకుండా అడ్డుకునే ఏర్పాటు యంత్రంలో లేదు.

కాబట్టి రీప్రొడ్యూసర్‌ను బండినుంచి తీసి చేతిలోకి తీసుకుని చూడాలి. పది రెట్లు పెద్దదిగా చూపే లూపు చాలు. ముల్లు కొన నునుపుగా, గుండ్రంగా మెరవాలి. ఒకవైపు చదునైతే అరిగినట్టు, అంచు విరిగి గాజుపెంకు తళుకు కనిపిస్తే చిట్లినట్టు. గోటి మీద బరువు వెయ్యకుండా లాగి చూసేవాళ్ళూ ఉన్నారు, మంచి ముల్లు జారుతుంది, చిట్లినది గీరుతుంది. తరవాత బరువు సంగతి. రీప్రొడ్యూసర్‌ను అడ్డంగా పట్టుకుంటే అడుగు బరువు కీలు మీద అటూ ఇటూ కొద్దిగా, ఏ పట్టూ లేకుండా ఊగాలి. సిలిండర్ కాస్త వంకరగా తిరిగినా ముల్లు గాడిని వదలకుండా ఉండేది ఈ ఊగులాట వల్లే. పాత నూనె గడ్డకట్టి బరువు బిగుసుకుపోతే మంచి ముల్లు కూడా గాడిని కోస్తుంది. పొరకు రెండువైపులా ఉండే రబ్బరు వలయాలు నూరేళ్ళలో రాయిలా గట్టిపడి ఉంటాయి. పాట గరగరలాడడానికి సగం కారణం ఇదే, సరిచేయడానికి అయ్యే ఖర్చూ తక్కువే. ధర తగ్గించమని అడగడానికి ఇది పనికివస్తుంది, యంత్రాన్ని వద్దనడానికి కాదు.

రీప్రొడ్యూసర్ తరవాత గేర్లు. రెండు నిమిషాల యంత్రంలో మరకడ్డీ ముల్లును చుట్టుకు అంగుళంలో నూరోవంతు జరుపుతుంది. నాలుగు నిమిషాల సిలిండర్‌కు అందులో సగమే జరపాలి. 1908 తరవాత పాత యంత్రాలకు తగిలించుకోవడానికి కంపెనీ అదనపు గేర్ల సెట్లు అమ్మింది. ఆ సెట్టు బిగించిన స్టాండర్డ్ రెండు రకాలనూ ఆడుతుంది. మాండ్రెల్ పక్కన చిన్న గేర్ల గూడు, గేరు మార్చే పిడి కనిపిస్తే రెండు స్థానాల్లోనూ తిప్పి చూడాలి. అమ్మేవాళ్ళు యంత్రంతో పాటు ఓ పెట్టెడు బ్లూ అంబెరోల్ సిలిండర్లు ఇస్తామన్నప్పుడు ఆశపడేముందు, ఆ యంత్రానికి నాలుగు నిమిషాల గేరు ఉందా, రీప్రొడ్యూసర్ ఏ అక్షరానిది అని చూసుకోవాలి. సిలిండర్, గేరు, ముల్లు ఈ మూడూ ఒక్క జట్టు. మూడూ కలవనప్పుడు కొన్నది అలంకారానికే.

మరకడ్డీని వెలుతురుకు అడ్డంగా పెట్టి పక్కనుంచి చూస్తే మరల కొనలు వరసగా పదునుగా కనిపించాలి. మధ్యలో ఒకచోట మొద్దుబారితే అక్కడికి రాగానే పాట తిరిగి తిరిగి అదే ముక్క పలుకుతుంది. సగం నట్టు అరిగితే కొత్తది వేసుకోవచ్చు, మరకడ్డీ అరిగితే మాత్రం బేరం మానుకోవడం మంచిది. మాండ్రెల్‌ను చేత్తో తిప్పి దాని అంచును గమనిస్తే ఊగుతోందో లేదో తెలిసిపోతుంది.

మోటారుకు కీ ఇచ్చేటప్పుడు చెయ్యే చెబుతుంది. బిగువు క్రమంగా పెరగాలి. ఎంత తిప్పినా బిగువు రాకపోతే స్ప్రింగు తెగినట్టే. ఆడుతుండగా లోపల దబదబమని చప్పుడు వస్తే భయపడక్కర్లేదు, స్ప్రింగు పొరల మధ్య పాత గ్రీజు ఎండి అతుక్కుని ఒక్కసారిగా విడివడుతోంది. విప్పి శుభ్రం చేస్తే పోతుంది. ఆ పని మాత్రం కీ పూర్తిగా దిగాకే చేయాలి, చుట్టి ఉన్న స్ప్రింగు డబ్బా తెరిస్తే వేళ్ళు పోతాయి. వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ మీది మూడు గుళ్ళూ ఉన్నాయా, వాటిని మోసే రేకులు తుప్పు తినలేదా అన్నది మరో చూపు. ఒక గుండు తేడా వచ్చినా గొంతు వణుకుతుంది. వేగం చూడడానికి పరికరమేమీ అక్కర్లేదు. సిలిండర్ కొసలో ఓ కాగితం ముక్క అంటించి, పదిహేను సెకన్లలో ఎన్నిసార్లు ఎదురొచ్చిందో లెక్కపెడితే చాలు. నలభై వస్తే సరి. పాట మొదట్లో నలభై, చివర్లో ముప్ఫయ్యారు వస్తే స్ప్రింగు నీరసించింది, లేదా తోలు బెల్టు జారుతోంది. బెల్టే అయితే అదృష్టం.

తెల్లని లోహపు పోత భాగాలను ప్రత్యేకంగా చూడాలి. ఆ కాలపు జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే, అవి లోహపు రేణువుల అంచుల వెంట నెమ్మదిగా తుప్పు పుట్టిస్తాయి. భాగం ఉబ్బుతుంది, సన్నని బీటలు వారుతుంది, ఓ రోజు చేతిలోనే పొడి అవుతుంది. ఇది బాగుపడే జబ్బు కాదు. ఉబ్బిన ముక్కను మార్చడమే దారి.

పెట్టె మీది రేకు ఫలకం మీద నంబరు, చాలా యంత్రాలకు పేటెంట్ల తేదీల జాబితా ఉంటాయి. ఆ జాబితాలో చివరి తేదీ యంత్రానికి పై హద్దు కాదు, కింది హద్దు. అంతకు ముందు తయారై ఉండదని మాత్రమే చెబుతుంది. అడుగు పెట్టె, మూత, యంత్రం మూడూ ఒకే కాలానివేనా అన్నది చెక్క రేఖల్లో, రంగులో తెలుస్తుంది. ఒకదాని మూత ఇంకోదానికి పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. పాత వార్నిషు గీకేసి కొత్తగా మెరిపించిన పెట్టె కన్నా, మసకబారినా తన పాత రంగుతోనే ఉన్న పెట్టెకు సేకర్తలు ఎక్కువ ఇస్తారు. బూరకు చివరి స్థానం ఇవ్వడానికి కారణం, కొత్తగా చేసిన బూరలు విరివిగా దొరకడమే. 1909 తరవాతి మెడ వంచిన సిగ్నెట్ బూర అసలుదైతే మాత్రం దానికే వేరే ధర ఉంటుంది.

నకిలీల ప్రస్తావన వచ్చిందంటే మన దేశం పేరు రాక తప్పదు. ముంబయి చోర్ బజారులాంటి చోట్ల కొత్త చెక్కపెట్టె, కొత్త ఇత్తడి బూర, ఏదో పాత పోర్టబుల్ గ్రామఫోన్ మోటారు కలిపి, ముందు కుక్క బొమ్మ అంటించి ‘యాంటిక్’గా అమ్మే యంత్రాలు ప్రపంచమంతటా సేకర్తల నోళ్ళలో నానాయి. ఇవి ప్లేట్ల యంత్రాలు. మాండ్రెల్, మరకడ్డీ ఉన్న యంత్రాన్ని ఈ పద్ధతిలో అతికించడం అంత తేలిక కాదు, కొనేవాళ్ళకు అదొక రక్షణ. కానీ సిలిండర్ యంత్రాల్లో ఇంకో రకం కలగాపులగం ఉంది. రెండు మూడు యంత్రాల ముక్కలతో ఒకటి నిలబెట్టి, లేని ఫలకం కొత్తగా చేయిస్తారు.

మన దగ్గర సిలిండర్ల కథ చిన్నది. కోల్‌కతాలో హేమేంద్ర మోహన్ బోస్ స్వదేశీ ఉద్యమ కాలంలో సిలిండర్లు తయారుచేసి, రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతును కూడా వాటికి ఎక్కించాడు. 1906లో టాకింగ్ మెషిన్ హాల్ తెరిచాడు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్, ఆయన సహాయకుడు కె. రంగాచారి మద్రాసు ప్రెసిడెన్సీలో మైనపు సిలిండర్ల మీద పాటలు ఎక్కించుకున్నారు. ఫోనోగ్రాఫ్ వినిపించడమే కాక రికార్డు కూడా చేయగలదు, పరిశోధకులు దాన్ని మోసుకు తిరిగింది అందుకే. ఇళ్ళల్లో మాత్రం 1902లో గ్రామఫోన్ కంపెనీ కోసం ఫ్రెడ్ గైస్‌బర్గ్ కోల్‌కతాలో చేసిన రికార్డింగుల తరవాత ప్లేట్లదే రాజ్యమైంది. తెలుగు పద్యనాటకాలు జనంలోకి వెళ్ళింది ఆ ప్లేట్ల మీదే. తెలుగు పాటల సిలిండర్లు దొరుకుతాయన్న ఆశతో ఫోనోగ్రాఫ్ కొనడం వృథా. అమెరికా బ్యాండు మేళాలు, హాస్యపు మాటలు, పాత పాటలు, దొరికేవి ఇవే. ఏం దొరుకుతుందో ముందుగా వినాలంటే సాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పదివేలకు పైగా సిలిండర్లను డిజిటల్ రూపంలో ఉచితంగా వినిపిస్తోంది.

యంత్రంతో వచ్చే సిలిండర్లను చూడడం వేరే పని. సిలిండర్‌ను పైనుంచి పట్టుకోకూడదు. రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి కాస్త వెడల్పు చేసి లేపాలి. చలి ప్రదేశంలో అయితే చేతి వెచ్చదనానికే మైనం చిట్లిన సందర్భాలున్నాయి. మైనం మీద తెల్లని మచ్చలు దుమ్ము కాదు, బూజు. అది సబ్బులోని కొవ్వును తిని గాడిని గుంటలు చేస్తుంది, తుడిచినా శబ్దం తిరిగి రాదు. కోస్తా ఉక్కపోతలో ఈ ముప్పు మరీ ఎక్కువ. బ్లూ అంబెరోల్‌కు బూజు బాధ తక్కువ. దానికి లోపలి ప్లాస్టరే శత్రువు. తేమకు ఉబ్బి లోపలి రంధ్రం బిగుసుకుంటుంది. మాండ్రెల్ మీదికి బలవంతంగా తోస్తే సెల్యులాయిడ్ పగులుతుంది, లోపలివైపు మెత్తగా గీకి సరిచేసుకోవాలి. సెల్యులాయిడ్ చురుగ్గా అంటుకునే పదార్థం కాబట్టి పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచాలి. పేరు లేని గోధుమరంగు సిలిండర్ దొరికితే దాన్ని ఆడించకపోవడమే మంచిది. ఎవరో ఇంట్లో ఎక్కించుకున్న గొంతు కావచ్చు, అలాంటిది ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో రూపొందిన ఐరీన్ పద్ధతి గాడిని ముల్లుతో తాకకుండా కాంతితో ఫొటో తీసి, ఆ చిత్రంనుంచి శబ్దాన్ని లెక్కగట్టగలదు.

ఈ దేశంలో కొని విదేశంలో ఉన్న బంధువుకు పంపాలనుకునేవాళ్ళు 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. నూరేళ్ళు నిండిన వస్తువులు దాని పరిధిలోకి రావచ్చు. పురావస్తువుగా లెక్కకొచ్చిన దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు, ముందుగా భారత పురావస్తు సర్వేక్షణ శాఖను సంప్రదించాలి.

యంత్రాన్ని ఊరునుంచి ఊరికి పంపేటప్పుడు స్ప్రింగు పూర్తిగా దిగనివ్వాలి. రీప్రొడ్యూసర్ తీసి విడిగా చుట్టాలి, బండి కదలకుండా కట్టాలి, బూరకు వేరే పెట్టె వాడాలి. సిలిండర్లను వాటి డబ్బాల్లో నిలువుగా పేర్చాలి, పడుకోబెట్టకూడదు. ఇంటికి చేరాక గ్రీజు, బెల్టు, రబ్బరు వలయాలు మార్చిన తరవాతే పాట. మొదటి పరీక్షకు చిట్లి ఎవరికీ అక్కర్లేని నల్ల మైనపు సిలిండర్ ఒకటి వాడతారు. అర నిమిషం ఆడించి ఆపి, ముల్లు నడిచిన దారిని లూపుతో చూస్తారు. అక్కడ బూడిదరంగు చార పడినా, ముల్లు చుట్టూ మైనపు పొడి చేరినా రీప్రొడ్యూసర్‌ను మళ్ళీ విప్పాల్సిందే.